కవనవిద్యయు మార్కులును

మొన్నటి సంక్రాంతి సెలవులలో మా వీథిలోని యొక పెద్దమనిషి తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బాలిక యింటరుమీడియేటు ముగింపబోవుచున్నది. ఇంగ్లండులో బి.ఏ. చదువవలెననియు, అందు ఆంగ్లసాహిత్యముతోపాటు 'క్రియేటివ్ రైటింగు', అనగా కథలు, కవితలు, నాటకములు స్వయముగా వ్రాయుటను పాఠ్యాంశముగా గైకొనవలెననియు ఆమె కోరిక. "మాస్టారూ, కథలు కట్టుటకు గూడ కళాశాలయా? పోతన యే కళాశాలలో చదివెను? మీరైన దీనికి చెప్పుడు" అని యాయన నన్ను మధ్యస్థునిగా నిలిపెను. "చదువనిండు" అని పొడిగా ననేసి పంపితిని. పిమ్మట నాలోచింపగా ఆ ప్రశ్న యంత తేలికైనది కాదని తోచినది.

కవిత్వము పుట్టుకతో రావలెను గాని నేర్పిన వచ్చునా యని మనవారందురు. మన యాలంకారికు లట్లు తలంపలేదు. మమ్మటుడు శక్తి, నిపుణత, అభ్యాసము అను మూటిని కలిపి కావ్యహేతు వనెను; ఆ యభ్యాసము కావ్యము తెలిసినవారి శిక్షణలో జరుగవలెననియు చెప్పెను. 11వ శతాబ్దిలో కాశ్మీరమున నుండిన క్షేమేంద్రుడు 'కవికంఠాభరణ' మను చిన్న గ్రంథమే యిందుకై రచించెను. శిష్యులలో కొందఱు స్వల్పయత్నముతో సాధ్యులు, కొందఱు కష్టసాధ్యులు, కొందఱసాధ్యులు. స్వభావముచేతనే రాతివంటివాడును, వ్యాకరణముచేత చెడినవాడును, తర్కముచేత కాలినవాడును అసాధ్యులట! వ్యాకరణము చెప్పి జీవించు నావంటివానికి ఈ మాట చదివినప్పుడెల్ల నవ్వును వచ్చును, భయమును కలుగును. క్రొత్తవాడు మొదట అర్థములేని పదములతోనే ఛందస్సు నింపుచు చెవిని దిద్దుకొనవలెను. ఆపై నాటకములు చూచుట, శిల్పుల నేర్పు గమనించుట, లోకుల నడవడి తెలిసికొనుట మొదలుగా నూఱు శిక్షలు చెప్పబడినవి. ఇది పాఠ్యక్రమము కాక మఱేమి?

పాశ్చాత్యుల సంగతి యిటీవలిది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయము 1922లో స్వీయసృజనరచనను గూడ ఉన్నతపట్టమునకు గ్రహింతు మనెను. 1936లో అచ్చట రచయితల వర్క్‌షాపు వెలసినది. ఇంగ్లండులో ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయమున 1970లో ఆంగస్ విల్సన్, మాల్కం బ్రాడ్‌బరీ యను నవలాకారు లిద్దఱు ఎం.ఏ. తరగతి నారంభించిరి. అచ్చట 1980లో పట్టము పొందిన కజువో ఇషిగురోకు 2017లో నోబెలు బహుమాన మబ్బినది. క్రమముగా నీ విద్య బి.ఏ. లోనికి దిగినది, మన దేశమునను కొన్ని చోట్ల ప్రవేశించినది. తరగతిలో పదిపదునైదుగురు కూర్చుందురు. ఒకరి రచనను తక్కినవారు ముందుగా చదివి వత్తురు. చర్చ జరుగునంతసేపును వ్రాసినవారు సాధారణముగా నోరు మెదపరాదు. తన వివరణ తోడు లేకుండ తన వాక్యము పరుల చెవిలో నెట్లు మ్రోగునో వినుట కింతకంటె మంచి యుపాయము నాకు తెలియదు.

ఇంతవఱకు నా కభ్యంతరము లేదు. అందఱు నొకే యచ్చున వ్రాయుదురను నాక్షేపణ కలదు గాని, కళాశాల లేకయే మన ప్రబంధకవులు పెక్కుమంది యొకే యచ్చున పోయలేదా? నా సందేహము మార్కులను గూర్చి.

నేను వృత్తిలో చేరిన తొలియేట తొమ్మిదవ తరగతి బాలురకు 'మఱపురాని దినము' అను వ్యాస మిచ్చితిని. ఒక రైతుబిడ్డ తమ యెద్దును సంతలో నమ్మిన దినమును వ్రాసెను. ఎద్దు పోయినదనియు, పలుపు మిగిలినదనియు, మఱునాడు తల్లి యా పలుపును బావిచేదకు కట్టినదనియు నాలుగైదు వాక్యములలో ముగించెను. నేను ఎఱ్ఱసిరాతో 'మేమందఱము శోకసముద్రమున మునిగితిమి' అని చేర్చి, పదింటికి అయిదు మార్కులు వేసితిని. అర్ధసంవత్సరపరీక్షలో తుపానును గూర్చి వ్రాయుమనగా వాడు శోకసముద్రమున మునిగెను. ఎనిమిది వేసితిని. వాడును సంతోషించెను, నేనును సంతోషించితిని. ఆ పలుపు నాకు మరల జ్ఞప్తికి వచ్చుటకు పదియేండ్లు పట్టినది.

లెక్కకు మార్కు వేయునప్పుడు బాలుని యింటితో మనకు పనిలేదు. కథకు మార్కు వేయునప్పుడు వాడు కన్నదానికే వెల కట్టుచున్నాము. తన కన్నుపై తనకే యింకను నమ్మకము కుదురని పదునెనిమిదేండ్ల ప్రాయమున, పరీక్షకుని రుచియే సత్యమని తోచుట యెంత సులభము! పూర్వులకు పరీక్షలు లేవా యని యడుగవచ్చును. ఉజ్జయినిలో కవులకు పరీక్ష జరిగెడిదని రాజశేఖరుడు కావ్యమీమాంసలో చెప్పియున్నాడు. కాని యది కవులైనవారికి. వ్రాయ నేర్చువారికి కాదు. మఱియు క్షేమేంద్రుని గురువు అసాధ్యుని పంపివేయగలడు. రుసుము గైకొన్న విశ్వవిద్యాలయ మంత సులభముగా పంపజాలదు. వానికిని ఏదో యొక శ్రేణి నిచ్చి పట్టము చేతబెట్టును.

ఇంగ్లండులో పెక్కుచోట్ల విద్యార్థి తన కథతోపాటు, దాని నెట్లు వ్రాసితిని, ఏమేమి చదివితిని, ఏది తీసివేసితిని, ఏల తీసివేసితిని యను వ్యాఖ్యను గూడ సమర్పింపవలెను. మార్కులలో నెక్కువ భాగము దానికే వేయుదురేని నాకు సమ్మతము. పలుపు సంగతి యేల వ్రాసితివని నే నా బాలుని అడిగియుండవలసినది. అడిగినచో నాకు పాఠము చెప్పియుండెడివాడు. అయినను కథ పేలవముగా నున్నను వ్యాఖ్య గట్టిగా వ్రాయు నేర్పరులు లేకపోరు. ఈ యుపాయమును సంపూర్ణము కాదు.

తరువాతి యాదివారము నేనే వారింటికి పోయితిని. "అమ్మాయిని పంపుడు. కాని మొదటి సంవత్సరపు మార్కులు పట్టపు శ్రేణిలో చేరునో లేదో ముందుగా కనుగొననిండు. అచ్చట పెక్కు విద్యాలయములలో చేరవు, ఉత్తీర్ణులైన చాలును. ఆ యేడాది యామె భయములేక చెడ్డగా వ్రాయవచ్చును" అంటిని.

"చెడ్డగా వ్రాయుటకా, మాస్టారూ, యింత రుసుము?"

"అవునండీ, మొదటి యేడు అందుకే" అంటిని.

ఆయన ముఖము ప్రసన్నము కాలేదు. బాలిక మాత్రము దరఖాస్తు పంపినది.