అలవాటైన సలి

సలికాలం ఆరుబయట పండుకున్న మనిషికి ముందుగాల సల్లబడేవి కాళ్ళు. ఈ సంగతి తెలవడానికి నేను బీఎస్సీ దాకా చదవాల్సిన పని లేదు. మా వాడల పుట్టిన పిల్లగాండ్లందరికీ తెలుసు. చదువుకుని సార్‌నయినంక నాకు ఎదురుపడిన ప్రశ్న వేరు. "వాళ్ళకు అలవాటే" అనే మాట ఒకటుంది. ఊర్లో పటేళ్ళ నోట విన్నాను, ఆఫీసుల్లో పెద్దసార్ల నోట విన్నాను. మంచి మనసున్నవాళ్ళు కూడా ఆ మాట అని దుప్పటి కప్పుకుని నిద్రపోతారు. మరి అలవాటైన సలి సలి కాదా? ఒక మనిషి ఓర్చుకున్నాడు గనుక ఆ మనిషికి ఇంకెవరూ బాకీ లేరా?

మా నాయిన మెదక్ దిక్కు ఒక పటేల్ దగ్గర జీతం ఉన్నాడు. వెట్టిచాకిరిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. 1976లో దాని మీద చట్టం వచ్చింది. నేను పుట్టింది ఆ చట్టం వచ్చిన పన్నెండేండ్లకు. అప్పటికీ మా నాయిన జీతం మీదనే ఉన్నాడు, అప్పు కిందనే ఉన్నాడు. ఒప్పందం నోటిమాటనే. ఏడాదికి ఇన్ని వడ్లు, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. గొంగడి కురుమోళ్ళు నల్లగొర్ల బొచ్చుతోని నేసింది. చెప్పులు మా పెద్దనాయిన కుట్టినవి. తోలును సున్నంలో నానేసి, బొచ్చు గీకి, తంగేడు చెక్క వేసిన లందలో పదును చేసింది మావాళ్ళే. ఆ చెప్పులు పటేల్ ఇంటి ముందరికి రాంగనే చేతిలోకి రావాలి. చెప్పులు చేసే కులం చెప్పుల్లేని కాళ్ళతో నడిచే ఊరు మాది.

వరికోతలు అయిపోయి కల్లంలో రాశి పడ్డంక, అమ్మేదాకా రాత్రి కావలి మా నాయినదే. పటేల్ పొద్దూకంగ వచ్చి రాశి మీద బూడిదతో గుర్తులు గీసి పోయేటోడు. తెల్లారి ఆ గుర్తు చెదిరితే దొంగ ఎవడో వెతకాల్సిన పనిలేదు, కావలివాడే దొంగ. అంటే బూడిద గీతను కాపాడుకుంట, మంచు కింద, ఆయన పండుకోవాలి. బడికి సెలవులప్పుడు బువ్వ తీసుకపోయి నేను గూడ ఆడనే ఉండిపోయేవాణ్ణి. సలి నుంచి కాళ్ళను కాపాడుకునే విద్య నాకు ఆడనే వచ్చింది.

"ముందుగాల కాళ్ళు ఆరాలె కొడుకా" అనేటోడు. పొద్దూకంగనే కడిగి, తుడిచి, పూర్తిగా ఆరనియ్యాలె. తడికాలు మీద ఏం కప్పినా వెచ్చదనం నిలవదు. రెండోది, కింద గడ్డి మూరెడు మందం పరవాలె. మనం పైన కప్పుకునేదాని గురించే ఆలోచిస్తాం గానీ ఒంట్ల వేడిని గుంజుకునేది ఎక్కువగా భూమే. మూడోది, గోనెసంచిలో ఎండు వరిగడ్డి వదులుగా నింపి, అండ్ల మోకాళ్ళదాకా కాళ్ళు పెట్టాలె. కుక్కి నింపితే పనికిరాదు. గడ్డి మధ్యన గాలి ఉండాలె, ఆ గాలే దుప్పటి. నాలుగోది, పాదాలకు గుడ్డ చుడితే వదులుగ చుట్టాలె, బిగిస్తే నెత్తురు ఆడదు, ఇంకింత సల్లబడతయి. ఐదోది, నెగడు పక్కన ఎండురాయిని వేడిచేసి, గుడ్డల చుట్టి, పాదాలకు జానెడు దూరంగా సంచిలో పెట్టాలె. వాగుల రాయి, తడిరాయి అయితే పగులుతది, అది పెట్టొద్దు. తలకు రుమాలు కట్టాలె. ఖాళీ కడుపుతోని పండుకోవద్దు. అన్నిటికంటే ఆఖరుది మా కుక్క. అది పిలవకున్నా వచ్చి కాళ్ళ మీద పండుకునేది. ఆ రాశికి అది గూడ కావలే, దానికి గూడ కూలి లేదు.

ఇప్పుడు ఎనిమిదో తరగతి పిల్లలకు వేడి పాఠం చెప్పేటప్పుడు మా నాయిన చెప్పినవే వేరే మాటల్లో చెప్తాను. గాలి వేడిని మెల్లగా పోనిస్తుంది, నీళ్ళు తొందరగా లాగుతాయి. నేలను తాకిన ఒళ్ళు నేలకు వేడి ఇస్తుంది. మన ఒంటి లోపలి వేడి దాదాపు 37 డిగ్రీలు. సలి ఎక్కువైతే ఆ వేడిని నిలబెట్టేందుకు చేతుల, కాళ్ళ రక్తనాళాలు ముడుచుకుంటాయి. నెత్తురు లోపలికి, గుండె వైపుకు మళ్ళుతుంది. అంటే లోపలి అవయవాలను కాపాడేందుకు ఒళ్ళు కాళ్ళను వదులుకుంటుంది. అందుకే ముందు కాళ్ళు.

సారా సంగతి కూడా చెప్తాను. పటేల్ కొన్ని రాత్రులు ఒక సీసా సారా పంపేటోడు, "వెచ్చగుంటది తాగురా" అని. సారా తాగితే తోలు కిందున్న రక్తనాళాలు విప్పారుతాయి, వెచ్చగయినట్టు అనిపిస్తుంది. నిజానికి లోపలి వేడి బయటికి పోతుంది. దుప్పటి కంటే సారా అగ్గువ. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా తెచ్చింది. ఆ సంగతి ఊర్లె తెలిసిన దినం మా అవ్వ పండుగ చేసుకుంది. "సలికి మందు అన్నరు, మందు అయింది సలి కాదు మనమే" అన్నది.

మళ్ళీ కాళ్ళ దగ్గరికి వస్తాను. రుగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం సమాజాన్ని ఒక ఒళ్ళు అన్నది. ముఖం బ్రాహ్మణుడు, పాదాల నుంచి శూద్రుడు. మా జనానికి ఆ ఒంట్లో పాదాల కింద గూడ చోటు లేదు. 1946లో వచ్చిన 'శూద్రులెవరు?' పుస్తకంలో అంబేద్కర్ ఆ సూక్తాన్ని పట్టుకుని నిలదీశారు. నేను సైన్సు చెప్పేవాణ్ణి గనుక నా తీరున అడుగుతాను. సమాజం నిజంగా ఒక ఒళ్ళే అయితే, కాలికి సలి పెడితే తలకు తెలవాలి. మన ఒంట్లో తెలుస్తుంది. కాలు జివ్వుమంటే నిద్రపట్టదు, తల లేచి కూర్చుంటుంది, చేయి పోయి దుప్పటి సర్దుతుంది. ప్రమాదం దాటినంక నెత్తురు మళ్ళీ కాళ్ళకు వస్తుంది. కాలు కుళ్ళితే ఆ విషం గుండె దాకా పోతుంది. అందుకే కాలిని వదులుకోవడం ఒంటికి కష్టకాలపు పని, అది ఒంటి ధర్మం కాదు.

మా ఊర్లో అట్ల జరగలేదు. కల్లంలో మా నాయిన కాళ్ళు కొంకర్లు పోతుంటే గడీ పక్కింట్లో ఎవరి నిద్రా చెడలేదు. తెల్లారినా నెత్తురు తిరిగి రాలేదు. నొప్పి పోయే తొవ్వ లేని చోట ఒళ్ళు అనే పోలిక అబద్ధం. అక్కడున్నది ఒక్క ఒళ్ళు కాదు, ఇద్దరు మనుషులు. ఒకడి వడ్లకు కావలి, ఇంకొకడి కాళ్ళకు సలి. ఒక్క ఒంట్లోనైతే త్యాగం అనొచ్చునేమో. ఇద్దరు మనుషుల నడుమ ఉండేది లెక్క, బాకీ, అడిగే హక్కు.

"అలవాటే" అన్న మాట పుట్టింది ఆ లెక్కను ఎగ్గొట్టడానికే. నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, పుష్యమాసంలో ఒక రాత్రి మా నాయిన పాదాలు మొద్దుబారిపోయినయి. నెగడు దగ్గరికి జరిపి పెట్టుకున్నాడు. మొద్దుబారిన కాలుకు సలి తెలవనట్టే నిప్పు గూడ తెలవదు. తోలు కాలిన వాసన వచ్చినంక లేచి చూసుకున్నాడు. తోలుపని చేసే కులం గదా, ఆ వాసన కొత్త కాదు, అది తన పాదానిదని ఎరికయ్యేదాకా. పటేల్ వచ్చి చూసి, "మొద్దుకాళ్ళురా మీయి, అలవాటైనయి గదా, రెండొద్దులల్ల మానుతయి" అన్నాడు. ఇరవై దినాలు నడవలేదు. ఆ ఇరవై దినాలు జీతంలో కోసుకున్నారు.

ఆ కాలే నా ప్రశ్నకు సగం జవాబు. అలవాటు అంటే నొప్పి తెలవకపోవడం. గాయం కాకపోవడం కాదు. సలి అలవాటైన కాలు కూడా కాలుతుంది, కాకపోతే ఆలస్యంగా తెలుస్తుంది.

మిగతా సగం జవాబు ఆయన నేర్పిన ఉపాయాల్లోనే ఉంది. సలి నిజంగా అలవాటై ఉంటే ఆ గోనెసంచి ఎందుకు? ఆ ఎండురాయి ఎందుకు? బాధ లేనివాడు ఉపాయం వెతకడు. ఆ ఉపాయాలు అన్నీ ఆయనకు సలి పెట్టింది అనడానికి సాక్ష్యాలు. వాటిని చూసి "ఎట్లనో బతుకుతరు" అని మెచ్చుకునే చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మా నాయిన తెలివిని మెచ్చుకుంటే నాకు సంతోషమే. అయితే ఆ తెలివి అవసరమైన రాత్రిని ఎవరు తయారుచేశారని కూడా అడగాలి. అడగకుండా మెచ్చుకుంటే అది "అలవాటే" అన్న మాటకు చుట్టమే.

అలవాటు చేసింది ఎవరు అన్నది ఇంకో ప్రశ్న. మనిషి తనకు తాను అలవాటు చేసుకున్నది వేరు, ఇంకొకరి లాభం కోసం అలవాటు పడ్డది వేరు. కొండెక్కేవాడు సరదాకు మంచులో పండుకుంటాడు, పొద్దున దిగివస్తాడు. దిగివచ్చే దారి ఉన్నవాడి ఓర్పును, దారి లేనివాడి ఓర్పును ఒక్క తక్కెడలో తూయొద్దు.

నేను ఇదంతా పాత కథలు తవ్వుకోవడానికి రాయడం లేదు. కొన్నేండ్ల కింద ఒక మీటింగులో హాస్టలు పిల్లల దుప్పట్లు ఆలస్యమయిన సంగతి వచ్చింది. పిల్లలు బండల మీద పలచటి చాప వేసుకుని, ఇద్దరిద్దరు ఒక్క దుప్పటిలో ముడుచుకుని పండుకుంటున్నారని చెప్పాను. ఒక పెద్దసారు నవ్వి, "వాళ్ళ ఇండ్లల్ల పరుపులున్నయా మాష్టారూ, వాళ్ళకు అలవాటే గదా" అన్నాడు. "సార్, మా నాయినకు గూడ అలవాటే ఉండె, రమ్మంటె వచ్చి కాలు చూపిస్తడు" అన్నాను. గది నిశ్శబ్దమైంది. దుప్పట్లు ఇరవై దినాలకు వచ్చినయి. నా మాటకే వచ్చినయని నేను అనను. ఆ గదిలో అటువంటి తండ్రి ఉన్నవాడు ఒక్కడన్నా ఉండడం అవసరమని మాత్రం అంటాను. రిజర్వేషను ఎందుకని అడిగేవాళ్ళకు నా దగ్గరున్న చిన్న జవాబు అది. నొప్పి కాలి నుంచి తలకు పోయే తొవ్వ అది.

"సలికి కులం లేదు, ఇప్పుడు కొనుగోలు కేంద్రాల దగ్గర రైతులే వడ్ల కుప్పల మీద పండుకుంటున్నరు గదా" అని ఒక దోస్తు అన్నాడు. నిజమే. తూకం కోసం రాత్రుళ్ళు కాసే చిన్నరైతు కాళ్ళు కూడా సల్లబడతాయి. పెద్దాసుపత్రి గేటు బయట, రోగిని లోపల పెట్టి ఫుట్‌పాత్ మీద అట్టముక్కలు పరుచుకుని పండుకునే మనిషిది ఏ కులమో నేను అడగను. పట్టణాల్లో లక్ష జనాభాకు కనీసం 100 మందికి రాత్రి వసతి ఉండాలని 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నియమం పెట్టింది. నియమం మంచిదే. నేను చెప్పేది కూడా అదే. సలికి కులం లేదు. సలిలోకి ఎవరిని పంపాలనే దానికి కులం ఉండె. ఆ పంపుడుకు సాకుగా "అలవాటే" అన్న మాట తయారయింది. కులం దగ్గర నేర్చిన ఆ మాటనే ఇప్పుడు పేదోళ్ళందరి మీద వాడుతున్నారు.

ఇంకొక చిక్కు ఉంది, దాన్ని దాచను. "సలి పెడుతుందా నాయినా?" అని అడిగితే మా నాయిన ఒక్కసారి గూడ ఔననలేదు. "నాకేం సలిరా, అలవాటే" అనేటోడు. అదే మాట! మరి అది గూడ తప్పేనా? నేను చాలా దినాలు దీని గురించి ఆలోచించాను. కొడుకు భయపడొద్దని తండ్రి చెప్పుకునే మాట అది. తన సలిని తనే చిన్నది చేసుకునే హక్కు ఆయనకున్నది. ఆయన సలిని చిన్నది చేసే హక్కు పటేలుకు లేదు, పెద్దసారుకు లేదు, నాకూ లేదు. ఒకే మాట ఒకరి నోట ఆత్మగౌరవం, ఇంకొకరి నోట దోపిడీ. ఎవరి కాలు బయట ఉందో చూస్తే తేడా తెలుస్తుంది.

కాబట్టి నా పిల్లలకు సలి పాఠం చెప్పినప్పుడు చివర్లో రెండు సంగతులు కలిపి చెప్తాను. మీ కాళ్ళు ఆరబెట్టుకోండి, కింద మందంగా పరుచుకోండి, మొద్దుబారిన కాలును నిప్పుకు చూపించకండి. ఎవరన్నా ఆరుబయట పండుకుంటే "వాళ్ళకు అలవాటే" అనకండి. ముందు పోయి ఎందుకు బయట ఉన్నారో అడగండి. మొదటిది బతకడానికి. రెండోది మనుషులుగా బతకడానికి.