రూపము లేని ద్రవ్యము

పాపఘ్ని కొండను చీల్చుకొని వెలువడు చోట, వేంపల్లెకు చేరువనున్న గండి క్షేత్రము వాయుదేవుని తపోభూమియని పులివెందుల సీమవారు తరతరములుగా విశ్వసించుచున్నారు. శ్రీరామచంద్రుడు ఈ త్రోవను వచ్చినపుడు వాయువు స్వాగతముగా రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెననియు, రాముడు బాణపు మొనతో శిలపై ఆంజనేయుని రూపమును గీచెననియు స్థలపురాణము. ఆ తోరణము ఆయువు తీరనున్నవారికే కానవచ్చునందురు. 1827లో పత్తికొండలో మరణించిన మన్రో దొర దానిని చూచెనను కథ నేటికిని జనుల నోట నిలిచియున్నది. నన్ను చిరకాలముగా ఆలోచింపజేయునది వేరొకటి కలదు. క్షేత్రము తండ్రిది, పూజలందుకొను మూర్తి కుమారునిది. కంటికందని కారణమును కంటికందిన కార్యము వలన గ్రహించుట తార్కికులు నడచిన మార్గమే.

ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున వాయువునకు రూపము లేదనియు, స్పర్శ కలదనియు లక్షణము చెప్పెను. గుణము ఆశ్రయము లేక నిలువదు గనుక, వేడియు చలువయు కాని ఆ స్పర్శకు ఆశ్రయమైన ద్రవ్యమొకటి ఉండితీరవలెనని ప్రాచీన నైయాయికులు అనుమానప్రమాణముచే సాధించిరి. నవ్యులు అది త్వగింద్రియమునకు ప్రత్యక్షమే యనిరి. కానరానిది శూన్యమని మాత్రము ఉభయులలో నెవ్వరును అనలేదు.

పదునేడవ శతాబ్దిలో వాన్ హెల్మాంటు అను ఫ్లాండర్సు వైద్యుడు 62 పౌండ్ల ఓకు బొగ్గును కాల్పగా ఒక్క పౌండు బూడిద మిగిలెను. తక్కిన 61 పౌండ్లును ఏ పాత్రయందును బంధింపరాని అదృశ్యద్రవ్యముగా వెడలినవని నిశ్చయించి, గ్రీకుల ‘కేయాస్’ శబ్దమును తలచుకొని, దానికి ‘గ్యాస్’ అని పేరిడెను. ఆయన గ్రంథము మరణానంతరము 1648లో వెలువడినది. సృష్టికి పూర్వము నోరు తెరచియున్న అగాధమే కేయాస్, అనగా మన గండి. పెన్న ఎఱ్ఱమలను కోయగా జమ్మలమడుగు చెంత గండికోటకు పేరిచ్చినదియు అట్టి గండియే. తైత్తిరీయము కూడ వాయువు ఆకాశము నుండి పుట్టెనని చెప్పుచున్నది. కాని ఆ అవకాశము వాయువునకు జన్మస్థానమే గాని స్వరూపము గాదు. తక్కెడతో శూన్యవాదమును ఖండించిన ఆ మహనీయుడు తాను కనుగొన్న ద్రవ్యమునకు శూన్యము పేరే పెట్టుట నాకు వింతగా తోచును.

ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు అని వ్యవహరించు మన శాస్త్రభాష ఈ విషయమున మేలు. అయినను అన్నంభట్టు మతమున వాయువొక్కటే ద్రవ్యము. ప్రాణాపానాదులు ఉపాధిభేదముచే వచ్చిన పేర్లు. ప్రొద్దుటూరి కంసాలి ఊదుగొట్టమున ఊదు గాలికిని, ఆ గాలి సోకి బొగ్గు కాలగా వెలువడు వాయువునకును గల భేదము ఉపాధికృతము గాదు, ద్రవ్యకృతము. ఈ భేదమును గుర్తించినవాడు హెల్మాంటే. ఇచ్చట మన తర్కము ఓడినదని ఒప్పుకొనక తప్పదు. వాయువులు అనేకములైనపుడు గండిలో మ్రొక్కు భక్తుని దైవము కూడ ముక్కలగునా యను ప్రశ్నకు వేదాంతులు ఏనాడో త్రోవ చూపిరి. భూతము వేరు, తదభిమాని దేవత వేరు. భక్తుడు మ్రొక్కునది ఆ అభిమాని దేవతకే కనుక, రసాయనజ్ఞుడు ఎన్ని వాయువులను వేరుపరచినను గండిలోని పూజకు భంగము లేదు.