గ్రూపులో చూసి ఊరుకున్నవాళ్ళకి పాపం లేదా?

మొన్నటి వీడియోలో నిండు సభలో ద్రౌపదికి జరిగిన అవమానం గురించి చెప్పుకున్నాం కదా. అది ఎడిట్ చేస్తున్న రోజుల్లోనే మా పిన్ని కూతురి సంగతి తెలిసింది. తొమ్మిదో తరగతి. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో, బస్సులో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే ఎవరో ఫోటో తీసి, స్టిక్కర్ చేసి, క్లాస్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ తర్వాత తను ఏ మెసేజ్ పెట్టినా జవాబు ఆ స్టిక్కరే. కడుపునొప్పి అని చెప్పి రెండు వారాలు స్కూలు మానేసింది.

"పెట్టినవాడి మీద కూడా అంత కోపం లేదన్నయ్యా. నా ఫ్రెండ్స్ కూడా ఆ గ్రూపులోనే ఉన్నారు. ఒక్కరూ వద్దు అనలేదు" అంది.

ఆ మాట నాకే తగిలింది. బీటెక్‌లో ఉండగా మా హాస్టల్ గ్రూపులో ఒక జూనియర్ ఇంగ్లీషు మీద రోజూ జోకులు వేసేవాళ్ళు. నేను చూస్తూ కూర్చున్నా. ఒకసారి నవ్వే ఎమోజీ కూడా పెట్టా. "నేనేమీ అనలేదు కదా" అని సర్దిచెప్పుకున్నా.

ఆ రోజు సభలో విదురుడు ఒక లెక్క చెప్పాడు. సభలో జరిగిన అధర్మాన్ని ఎవరూ ఖండించకపోతే, ఆ పాపంలో సగం సభకు పెద్దది, పావు వంతు చేసినవాడిది, మిగతా పావు చూస్తూ ఊరుకున్నవాళ్ళది. గ్రూపుకి అన్వయించి చూడండి. అడ్మిన్‌కి సగం. చూసిన మనకి, పెట్టినవాడితో సమానంగా వాటా!

పిల్లలు కదా, భయపడతారు అంటారా? నిజమే. అడ్డుపడితే రేపటి స్టిక్కర్ తనదే అవుతుంది. వికర్ణుడు దుర్యోధనుడికి సొంత తమ్ముడు, చిన్నవాడు. అయినా లేచి ఇది ధర్మం కాదన్నాడు. కర్ణుడు నీకేం తెలుసని నోరు మూయించాడు. సభ మారలేదు. కానీ ఆ తల్లి పక్షాన ఒక గొంతు లేచింది.

అందరూ వికర్ణుడు కాలేరు. కనీసం విడిగా "రేపు నా పక్కన కూర్చో" అని ఒక మెసేజ్ పెట్టొచ్చు. స్క్రీన్‌షాట్ తీసి టీచర్‌కి చూపించొచ్చు. పెద్దవాళ్ళు మాత్రం ఫోన్ లాక్కోకండి, ఇంకోసారి పిల్లలు చెప్పరు. బ్లాక్ చేసేముందు స్క్రీన్‌షాట్లు దాచండి. అవసరమైతే 1098కి ఫోన్ చేయండి.

మొన్న ఆ జూనియర్‌కి సారీ చెప్తూ మెసేజ్ పెట్టా. "గుర్తుందన్నా" అని రాశాడు. అంతే.

ఈ రాత్రి మీ పిల్లల్ని "నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా" అని అడగండి. దాంతోపాటు "ఇంకొకరిని ఏడిపిస్తుంటే నువ్వేం చేశావ్" అని కూడా అడగండి.

స్వస్తి.