పాత బండి విక్రయము – సత్యభాషణము

పనికి వాడిన బండిని అమ్మునపుడు దానిలోని లోపములను కొనువానికి చెప్పవలెనా, అక్కరలేదా? ఈ ప్రశ్న చూచుటకు మిక్కిలి చిన్నది. కాని మనలో అనేకులకు సత్యపరీక్ష సభామధ్యమున జరుగదు, న్యాయస్థానమున జరుగదు. ఇంటి ముంగిట నిలిచిన పాత బండి ప్రక్కను, బేరము కుదురు నిమిషమున జరుగును. కావున ఈ చిన్న ప్రశ్ననే కొంత నిదానముగా విచారింతము.

విచారము గాలిలో తేలిపోకుండుటకై ఒక ఉదాహరణమును గ్రహింతము. జహీరాబాదులో కూరగాయలు చేరవేసి జీవించు చిరువ్యాపారి యొకడు కలడనుకొందము. అతనికి టాటా ఏస్ జాతి చిన్న సరకుబండి యున్నది, వయస్సు పన్నెండేండ్లు. ఇంతకాలము అది అతని కుటుంబమును పోషించినది. ఇప్పుడు ఉదయమున చల్లబడిన ఇంజను ఒక పట్టాన అందుకొనదు. అందుకొన్న పిమ్మట నీలిపొగ విడుచును. అనగా డీసెలుతోపాటు ఇంజను నూనెయు కాలిపోవుచున్నదన్నమాట. పిస్టను రింగులు అరిగినవి, ఇంజను విప్పి పని చేయింపవలెనని మెకానిక్కు చెప్పినాడు. బరువుతో ఎత్తెక్కునపుడు క్లచ్చి జారును. వెనుక కమాను కట్టలో పట్టీ యొకటి విరిగినది. బ్రేకు లోతుగా త్రొక్కిననే గాని పట్టదు. ఈ పనులన్నియు చేయించుటకు అతనియొద్ద సొమ్ము లేదు, అందుచేతనే అమ్మదలచినాడు. బీదరు ప్రాంతమునుండి ఒక యువకుడు కొనుటకు వచ్చినాడు. నీళ్ళ డబ్బాలు ఇంటింటికి చేర్చి బ్రతుకవలెనని అతని సంకల్పము. సొమ్ము వడ్డీకి తెచ్చినాడు.

ఇచట ధనికుడు దరిద్రుని మోసగించుట లేదు. ఇద్దరును రెక్కాడినగాని డొక్కాడనివారే. ప్రశ్నలోని కాఠిన్యమంతయు ఇందే యున్నది.

మొదట శాసనమేమనుచున్నదో చూతము. 1872వ సంవత్సరపు భారత కాంట్రాక్టుల చట్టములోని 17వ సెక్షను మోసమును నిర్వచించినది. కేవలము ఊరకుండుట మోసము కాదనియు, మాటాడవలసిన బాధ్యత యున్నచోట ఊరకుండుట మోసమే యనియు దాని తాత్పర్యము. అందలి ఉదాహరణములు గమనింపదగినవి. రోగము గల గుఱ్ఱమును ఒకడు వేలములో అమ్మును; రోగమున్నట్లు తానెఱుగును; చెప్పడు. అది మోసము కాదు. కొనునది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన అతని కుమార్తె యైనచో, చెప్పవలసిన బాధ్యత కలదు. “నీవు కాదనకున్న గుఱ్ఱము ఆరోగ్యముగా నున్నదని తలంతును” అని కొనువాడన్నపుడు అమ్మువాడు మౌనము వహించినచో, ఆ మౌనము మాటతో సమానము. 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము కూడ, కొన్ని మినహాయింపులతో, కొనువాడే జాగ్రత్తపడవలెనను సూత్రమును అంగీకరించినది.

అయితే అదే 17వ సెక్షను తెలిసియుండి బుద్ధిపూర్వకముగా కప్పిపుచ్చుటను మోసముగానే లెక్కించినది. పొగ కనబడకుండ చిక్కని నూనె పోయుట, గేరుపెట్టెలో రంపపుపొట్టు వేసి చప్పుడణచుట, త్రుప్పుమీద రంగు పూయుట, తిరిగిన దూరము తెలుపు మీటరును వెనుకకు త్రిప్పుట, కొనువాడు వచ్చుటకు అరగంట ముందే ఇంజనును వేడిచేసి యుంచుట – ఇవి మౌనములు కావు. చేతులతో పలికిన అసత్యములు. నోరు విప్పలేదు గదా యని ఇట్టివాడు తృప్తిపడుట ఆత్మవంచన.

మన పూర్వులును ఈ విషయమును ఉపేక్షింపలేదు. నారదస్మృతి క్రయవిక్రయ వివాదములను ప్రత్యేకముగా చర్చించినది. పాడిపశువును మూడు దినములును, బరువు మోయు పశువును అయిదు దినములును పరీక్షించుకొనుటకు అందులో గడువు కలదు. బరువు మోయు పశువు గుణము కంటితో తెలియదు; కాడి మోపినపుడు తెలియును. నిర్దోషమైన సరకు చూపి సదోషమైనదానిని ఇచ్చినవాడు రెట్టింపు మూల్యమును, దానితో సమానమగు దండమును చెల్లింపవలెనని విధించినది. కాని వాడి మాసిన వస్త్రమును, దోషముతోనే కొన్నవాడు తిరిగి ఈయరాదనియు చెప్పినది. అనగా లోపమున్న వస్తువును అమ్ముట దోషము కాదు. లోపమును మఱుగుపఱచుట దోషము.

రోము దేశపు సిసిరో క్రీ.పూ. 44లో రచించిన ధర్మగ్రంథములో ఇట్టి చర్చయే కలదు. ఒకడు ఇల్లు అమ్ముచున్నాడు. కలప పుచ్చినది, గదులలో పాములు తిరుగుచున్నవి, ఆ సంగతి యజమానికి దప్ప అన్యులకు తెలియదు. చెప్పవలెనా? చెప్పి తీరవలెనని ఆంటిపాటరు అను తత్త్వవేత్త వాదము. కొనుమని ఎవరు బలవంతపెట్టిరి, తన సరకులోని లోపములను తానే చాటుకొనువాడు ఎవడుండునని డయోజెనీసు వాదము. సిసిరో మొదటి పక్షమునే అవలంబించినాడు. ఊరకుండుట వేఱు, దాచుట వేఱు. ఎదుటివానికి తెలియవలసిన దానిని స్వలాభముకొఱకు తెలియనీయకుండుటయే దాచుట యని అతని నిర్ణయము. రెండువేల యేండ్లకు పైబడినను డయోజెనీసు వాదము మాత్రము చావలేదు. మన బేరములలో నిత్యము వినబడుచునే యున్నది. దానిని వివరముగా పరిశీలింతము.

“కొనువాడు మెకానిక్కును వెంట తెచ్చుకొన్నాడు, చూచుకొనుట అతని పని” అందురు. నిజమే. టైర్ల అరుగుదల, తలుపు సొట్ట, చిరిగిన సీటు – ఇవి కన్నున్నవానికి కనబడును. వీనిని వర్ణించి చెప్పనక్కరలేదు. కాని మెకానిక్కు అరగంట చూచును; యజమాని పన్నెండేండ్లు చూచినాడు. ఏ ఎత్తున క్లచ్చి జారునో, చలికాలపు ఉదయమున ఎన్నిమారులు త్రిప్పిన ఇంజను అందుకొనునో, ఎన్ని దినములకొకసారి నూనె పోయవలసి వచ్చుచున్నదో వాడినవానికే తెలియును. ఈ జ్ఞానము పరీక్షవలన దొరకదు, సహవాసమువలననే దొరకును. కొనువానికి దానిని తెలిసికొను మార్గము అమ్మువాని నోరు తప్ప వేఱొకటి లేదు. ఆ ఒక్క ద్వారమును మూసి, “నీ వెందుకు లోనికి రాలేదు” అని అడుగుట న్యాయమగునా?

“అతడు అడుగలేదు, నేను చెప్పలేదు” అందురు. ఏమి అడుగవలెనో తెలిసినవాడు సగము తెలిసినవాడే. మొదటిసారి బండి కొను యువకునకు అడుగవలసిన ప్రశ్నలే తెలియవు. అట్టివాని అజ్ఞానమును మన లాభమునకు మూలధనముగా చేసికొనుట, ఎద్దు పుండు కాకికి ముద్దన్న సామెతకు తార్కాణము.

“నాకును ఇట్లే అంటగట్టిరి, నేనును ఇట్లే అమ్మెదను” అందురు. ఇది అన్నిటికంటె సహజమైన మాట, అన్నిటికంటె అపాయకరమైనదియు. మనకు అన్యాయము చేసినవాడొకడు, మనము పగ తీర్చుకొనుచున్నవాడు మఱియొకడు.

ఇక అసలు చిక్కు లెక్కలో నున్నది. ఉదాహరణకు, మంచి స్థితిలో నున్నచో ఆ బండి 2,00,000 రూపాయలు చేయుననుకొందము. మరమ్మతునకు 60,000 అగుననుకొందము. లోపములు చెప్పినచో 1,40,000 వచ్చును. చెప్పకున్న 2,00,000 రావచ్చును. ఈ 60,000 రూపాయలు సత్యము చెప్పుటవలన కలిగిన నష్టమని అమ్మువానికి తోచును. కాని అది సత్యమువలన వచ్చిన నష్టము కాదు. అరిగిన ఇంజనువలన వచ్చిన నష్టము. ఆ అరుగుదల ఎవరి సంపాదనకై కలిగినదో వారి లెక్కలోనే పడవలసిన వ్యయమది. మౌనము దానిని మాయము చేయలేదు. అడుగకుండ, ఒప్పింపకుండ పరుని తలపై పెట్టగలదు. పెట్టునపుడు అది పెరుగును గూడ. నడిరోడ్డున బండి నిలిచిన దినపు కూలి, చేరవలసిన వేళకు చేరని సరకు, తప్పిపోయిన ఖాతాలు, వడ్డీ – ఇవియన్నియు ఆ 60,000కు చేరును. ఇతనికి అరువదివేలైన భారము అతనికి లక్ష కావచ్చును.

“లోపము చెప్పగానే కొనువాడు అరువదివేలకు మాఱుగా లక్ష తగ్గించును, లేదా లేచిపోవును” అను భయము కలదు. ఈ భయము నిరాధారము కాదు. దీనికి ఉపాయము సత్యమును తగ్గించుట కాదు, దానికి ఆధారము చూపుట. మెకానిక్కుచేత ఏ పనికి ఎంత యగునో పట్టీ వ్రాయించి కొనువాని చేతికీయవలెను. చల్లని ఇంజనునే అతని యెదుట త్రిప్పి చూపవలెను. బరువు వేసి నడుపుమని తాళపుచెవి ఈయవలెను. లోపముల జాబితా రెండు ప్రతులు వ్రాసి ఇరువురును సంతకములు చేసినచో రేపటి తగవునకు తావుండదు. దళారికి అమ్మినను ఈ జాబితా బండి వెంట పోవలెను. ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు సత్యవంతునకు కొంత తక్కువ వెల రావచ్చును. రాదని నేను చెప్పజాలను. ధర్మము లాభదాయకమని బోధించుటకన్న, నష్టము వచ్చినను ఆచరింపదగినదని చెప్పుటయే న్యాయము.

ఈ కర్తవ్యమునకు హద్దులును కలవు. తనకు తెలియని లోపమునకు అమ్మువాడు దోషి కాడు. ఇంజనును విప్పించి వెదకించు బాధ్యత అతనికి లేదు. ఎంతవరకు దిగగలడో ముందే చెప్పనక్కరలేదు. తన ఇంటి అవసరములను విన్నవింపనక్కరలేదు. తెలిసినదానిని, కొనువాని నిర్ణయమును మార్చగలదానిని చెప్పిన చాలును.

అయితే చెప్పుటతో తీరని లోపము ఒకటి కలదు. అది బ్రేకులలోపము, దానివంటి ప్రాణాపాయకరమైన లోపములును. క్లచ్చి జారిన నష్టము కొన్నవానిది. బ్రేకు పట్టనిచో నష్టము దారిని పోవు వృద్ధునిది, బడికి పోవు బిడ్డది. అమ్మువాడు చెప్పినాడు, కొనువాడు ఒప్పినాడు. కాని ఆ బిడ్డ ఏ కాగితముపైన సంతకము చేసినది? కావున అట్టి లోపమును బాగుచేయించి అమ్మవలెను. లేదా బండిని మఱియొక వాహనముపై ఎక్కించి మరమ్మతుచోటికే చేర్చవలెను. ఎనిమిదేండ్లు దాటిన రవాణా వాహనమునకు ఏటేట సామర్థ్య పత్రము పొందవలెనను నియమము ఇందుకొఱకే యున్నది. ఆ పత్రమున్నదని నేటి లోపమును విస్మరించుట తగదు. బాగుచేయుటకు వీలుకాని బండిని 2021 నాటి నిబంధనలననుసరించి ఏర్పడిన తుక్కు కేంద్రములకు ఇచ్చుట మేలు.

కాగితముల విషయమునను నిజాయితి వలయును. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 50వ సెక్షను ప్రకారము అమ్మినవాడు 14 దినములలోను, పరరాష్ట్రమువానికి అమ్మినచో 45 దినములలోను ఆ సంగతి తెలుపవలెను. ఫైనాన్సు బాకీ యున్నచో దాచరాదు. పేరు మార్పించక వదలినవానికి ముప్పును కలదు. అమ్మిన పిమ్మట ప్రమాదము జరిగినను రికార్డులో పేరున్న యజమానియే పరిహారమునకు బాధ్యుడని సుప్రీముకోర్టు 2018లో నవీన్ కుమార్ వ్యాజ్యమున తీర్పు చెప్పినది.

శరణుల చరిత్రలలో నులియ చందయ్య కథ మనవారికి పరిచితమే. గడ్డికోసి త్రాళ్ళు పేని అమ్ముట అతని కాయకము. త్రాటికి తగిన వెలకన్న అధికముగా వచ్చిన ధనమును అతడు అంగీకరింపలేదని కథ. ఇచ్చినవాడు ఇష్టపూర్వకముగానే ఇచ్చినాడు గదా యని అతడు సమాధానపడలేదు. వస్తువు విలువను మించినది తన కాయకఫలము కాదని తలంచినాడు. దోషము దాచి పొందిన అధికధనము ఇంకెంత దూరమో ఊహింపవచ్చును.

చట్టములోని ఆ గుఱ్ఱపు ఉదాహరణమును మరల తలంపుడు. కుమార్తెకు చెప్పి తీరవలెనట, అన్యునకు అక్కరలేదట. ఏల? కుమార్తె తండ్రిని నమ్మును. తండ్రి ఆమె మేలు కోరును. శాసనము ఇంటి గడపకడ ఆగిపోయినది. ఆగుట దాని స్వభావము; ప్రతి హృదయమును తూచుట శాసనమునకు సాధ్యము కాదు. కాని ఎదుటివానిని పరునిగా వేఱుచేయక మన యింటివానిగా గ్రహింపుమని బసవేశ్వరుడు బోధించినాడు. ఆ బోధను పూజామందిరములో అంగీకరించుట సులభము. వడ్డీసొమ్ము చేతబట్టుకొని బీదరునుండి వచ్చిన ఆ యువకుడు పరుడా, మనవాడా యని బేరమువేళ నిర్ణయించుటయే కష్టము. మనవాడైనచో ఏమి చెప్పుదుమో, అదియే అతనికిని చెప్పవలసినది.