శుభ్రముగా కనబడు చేయి

తెలియక చేసిన హింసకు కర్త బాధ్యుడగునా, కాడా? ధర్మవిచారములో ఇది చాల పాత ప్రశ్న. 1847లో ఇది వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అను యువవైద్యుని ఎదుట నిలిచినది.

అచ్చట రెండు ప్రసూతి విభాగములుండెను. మొదటి దానిలో వైద్యులు, వైద్యవిద్యార్థులు పురుళ్లు పోయుచుండిరి. రెండవ దానిలో మంత్రసానులు. 1846లో మొదటి విభాగమున నూటికి 11 మందికి పైగా తల్లులు మరణింపగా, రెండవ దానిలో ముగ్గురికి లోపే. చదువుకొన్నవారి చేతిలోనే చావులు హెచ్చు! మొదటి విభాగమునకు పంపవలదని గర్భిణులు మోకరిల్లి వేడుకొనుచుండిరి.

1847 మార్చిలో సెమ్మెల్వైస్ మిత్రుడు, ఆచార్యుడు కొలెచ్కా, శవపరీక్షా సమయమున విద్యార్థి కత్తి వ్రేలికి తగిలి, సూతికాజ్వరపు లక్షణములవంటి వానితోనే కన్నుమూసెను. అంతట సెమ్మెల్వైస్‌కు విషయము స్ఫురించినది. వైద్యులు శవములను కోసిన చేతులతోనే ప్రసూతిగదికి వచ్చుచుండిరి. సబ్బుతో కడిగిన చేయి కంటికి శుభ్రమే. శవపు వాసన మాత్రము దానిని వదలలేదు. మే నెలలో ఆయన క్లోరిన్ నీటితో చేతులు కడుగుట నియమముగా పెట్టెను. ఏప్రిల్‌లో నూటికి 18గా నున్న మరణములు జూన్‌లో 2కు దిగినవి.

కారణము దొరికిన సంతోషము ఆయనకు నిలువలేదు. అంత శ్రద్ధగా శవపరీక్షలు చేసినవాడు తానే గదా! తన వలన అకాలమున గతించినవారి లెక్క భగవంతునికే తెలియునని 1861లో వెలువరించిన గ్రంథమున ఒప్పుకొనెను. తెలియనినాటి తప్పు తనది కాదని ఆయన తప్పించుకొనలేదు.

పెద్దవైద్యులు పెక్కుమంది ఆ మాట వినలేదు. ఆయన తన పరిశోధనను ఏండ్ల తరబడి ప్రచురింపకుండుట లోపమే. కాదన్నవారిని హంతకులని దూషించుటయు మేలు చేయలేదు. అయినను అసలు అడ్డు అభిమానమే. బ్రతికింప వచ్చిన చేయి చంపినదని ఒప్పుకొనుట ఎవరికి సులభము? గీత 13వ అధ్యాయమున జ్ఞానలక్షణములు అమానిత్వముతో మొదలగును. అహింస, శౌచము ఆ శ్లోకముననే వచ్చును. వియన్నాలో మొదటిది లేకపోవుటచే మిగిలిన రెండును చెడినవి. సెమ్మెల్వైస్ 1865లో ఆదరణ లేకయే మరణించెను.

మన యిండ్లలో మడి కట్టుకొన్నవారు తమకు మైల సోకకుండ జాగ్రత్తపడుదురు. వైద్యుని శౌచము ఎదుటివాని కొరకు. శస్త్రచికిత్సకు ముందు ఆతడు ఉంగరము, గడియారము తీసివైచి, గోళ్లు మొదలు మోచేతుల వరకు కడుగుకొనును. నీరు వ్రేళ్లవైపు తిరిగి జారకుండ చేతులు పైకెత్తి పట్టును. చేతొడుగులుండగా ఇంత యేల? ఒడుగునకు కంటికానని చిల్లి పడవచ్చును. అప్పుడు రోగి మత్తులో నుండును. కడిగితివా అని అడుగజాలడు.