రోగం లేనివాడికి మందెందుకు?

నల్గొండ జిల్లాలో బోదకాలు మాత్రలు పంచే రోజులొచ్చాయంటే ఆశా కార్యకర్తకు గడప గడపకూ ఎదురయ్యే ప్రశ్న: "నాకేం రోగముందని మింగాలె?" మొండితనమని కొట్టిపారేస్తారు గానీ, అది అచ్చమైన ధర్మసందేహం.

మామూలుగా రోగి వైద్యుడిని వెతుక్కుంటూ పోతాడు. ఇక్కడ మందే ఇంటికొస్తుంది. 2004 నుంచి దేశంలో బోదకాలు (ఫైలేరియా) ఉన్న జిల్లాల్లో ఊరందరికీ ఏటా డీఈసీ మాత్రలిచ్చే పద్ధతి మొదలైంది. తర్వాత దానికి నులిపురుగుల మందు ఆల్బెండజోల్ చేరింది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, బాగా జబ్బుపడ్డవాళ్లకు ఇవ్వరు. మిగిలినవాళ్లు అన్నం తిని, ఆశా ఎదుటే వేసుకోవాలి.

ఈ జబ్బు తీరే అలాంటిది. దాన్ని తెచ్చే పురుగు పిల్లలు రాత్రిపూట నెత్తుట్లో తిరుగుతాయి, క్యూలెక్స్ దోమ వాటిని మరో ఒంటికి చేరుస్తుంది. పురుగున్నా ఏళ్ల తరబడి కాలు వాయకపోవచ్చు. నాకేమీ లేదన్నవాడు అబద్ధమాడటం లేదు, అతనికి తెలియదంతే. ఇక కాలు ఎప్పుడో లావెక్కిన ముసలామెనూ మింగమంటారు. ఆ వాపు మాత్రతో తగ్గదు.

సమాజానికి ఎంతో మేలు చేసే నివారణ ఒక్కో మనిషికి ఇచ్చేది కొంచెమేనని బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1981లోనే గుర్తించాడు. లోకసంగ్రహం, అంటే లోకహితం, కోసం కర్మ చేయమన్న గీత ఇక్కడ అక్కరకొస్తుంది. అయితే అంతా బోధించాక కృష్ణుడు అర్జునుడితో, బాగా ఆలోచించుకుని నీ ఇష్టప్రకారం చెయ్యమన్నాడు. ప్రచార రథాలు మొదటి సగమే వినిపిస్తాయి.

రోగం లేనివాళ్లకూ మందిచ్చే ఈ పద్ధతికి మలేరియాలో చిక్కు ఇంకా పెద్దది. 2014లో ఎబోలా చెలరేగుతుండగా లైబీరియా, సియెర్రా లియోన్‌లలో జ్వరం ఉన్నా లేకున్నా జనానికి మలేరియా మందు పంచారు. ఏది ఎబోలా జ్వరమో, ఏది మలేరియా జ్వరమో తేలని ఆ ఆపదలో అది సబబే. కానీ మలేరియాకే వాడే మరో మందు ప్రైమాక్విన్, జీ6పీడీ ఎంజైమ్ లోపమున్నవాళ్ల ఎర్రకణాలను పగలగొడుతుంది. ఊరి మేలు పేరుతో ఆ ఒక్కడి ప్రాణాన్ని లెక్కలోంచి తీసేసే అధికారం ఎవరికీ లేదు.

డీఈసీ అంత ప్రమాదకరం కాదు. ఒంట్లో పురుగులున్నవాళ్లకు అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి, కళ్లు తిరగడం ఉండొచ్చు. ఈ మాట ముందే చెబితే జాగ్రత్త, తెల్లారి చెబితే సాకు. మాత్ర మీకోసమే అని ఊరించడం కన్నా, పక్కింటివాళ్ల కోసం కూడా అని చెప్పడమే నిజాయితీ. అడగడం తప్పు కాదు, దాచి అడగడమే తప్పు.

ఈసారి ఆశా మీ ఇంటికొస్తే, రాత్రి జ్వరమొస్తే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి నంబరు రాసుకోండి. ఆ తర్వాత మింగండి.