ప్రాసిక్యూటరుకు రక్షణ ఎంతవరకు?



నేరారోపణ ఎదుర్కొనేవారిపై ప్రభుత్వం తరఫున కోర్టులో వాదించే న్యాయవాదిని పబ్లిక్ ప్రాసిక్యూటరు అంటారు. ఆయన మీదనే ఎవరైనా దావా వేస్తే ఆయన పక్షాన ఎవరు నిలబడాలి? వకీలు ఖర్చు ఎవరు భరించాలి? ఇది లాయర్లకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. న్యాయం కోరే ప్రతివారూ ఆలోచించవలసిన ప్రశ్న.

దీనికి మన బెంగళూరులోనే ఒక ఉదాహరణ కలదు. తమిళనాడు ముఖ్యమంత్రిగా ఉన్న జయలలిత గారి అక్రమాస్తుల కేసును సుప్రీంకోర్టు 2003లో కర్ణాటకకు మార్చింది. అందులో స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటరుగా పనిచేసిన బి.వి. ఆచార్య గారు 2012లో ఆ బాధ్యతకు రాజీనామా చేశారు. ఆ రోజుల్లో ఒక విద్యాసంస్థ విషయమై ఆయనపై ప్రైవేటు ఫిర్యాదు దాఖలైంది. తనను ఈ కేసు నుండి తప్పించడానికే ఇట్టి ఒత్తిళ్లు వస్తున్నాయని ఆయన చెప్పారు. ఆ ఫిర్యాదు మంచిచెడ్డలు తేల్చడం మన పని కాదు. మనం గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. ప్రాసిక్యూటరు నోరు మూయించాలనుకునేవాడు ఆయనపై వేసిన కేసు గెలవనక్కరలేదు. ఆయనను కోర్టుల చుట్టూ తిప్పితే చాలు.

అందుకే చట్టం కొంత రక్షణ ఇచ్చింది. ప్రభుత్వోద్యోగి తన విధిలో చేసిన పనిపై సివిల్ దావా వేయాలంటే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షను ప్రకారం సాధారణంగా రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. దావా పడితే, ప్రభుత్వమే ఆ ఉద్యోగి తరఫున వాదించడానికి పూనుకోవచ్చు. ఇక క్రిమినల్ కేసుల విషయంలో, ప్రభుత్వ అనుమతి లేకుండా తొలగించరాని ఉద్యోగిపై, విధి నిర్వహణలో చేసిన పనికి, ముందస్తు అనుమతి లేనిదే కోర్టు విచారణకు స్వీకరించదు. ఇది పూర్వం 197వ సెక్షను. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 218వ సెక్షను. ఇందులో ఒక మంచి మార్పు వచ్చింది. ప్రభుత్వం 120 రోజులలో ఏ నిర్ణయమూ తీసుకోకపోతే అనుమతి ఇచ్చినట్లే భావిస్తారు.

ఈ రక్షణ న్యాయమేనా? న్యాయమే. ఫెయిలైన ప్రతి పిల్లవాని తండ్రీ పేపరు దిద్దిన ఉపాధ్యాయునిపై దావా వేయగలిగితే, ఇక అందరికీ ముప్పై అయిదు మార్కులే పడతాయి. ప్రాసిక్యూటరు సంగతీ అంతే. తన ఇల్లు, జీతము పోతాయన్న భయంతో పనిచేసేవాడు బలవంతుని జోలికి పోడు, బలహీనుని మీదనే ప్రతాపం చూపుతాడు.

అయితే కంచే చేను మేస్తే? అమెరికాలో డర్హమ్ అనే పట్టణంలో మైక్ నైఫాంగ్ అనే ప్రాసిక్యూటరు, 2006లో ముగ్గురు విద్యార్థులపై పెట్టిన కేసులో వారికి అనుకూలమైన డి.ఎన్.ఎ. పరీక్ష ఫలితాలను దాచాడు. 2007లో అతని న్యాయవాద వృత్తి రద్దయింది. తర్వాత ఆ విద్యార్థులు దావా వేసినప్పుడు రాష్ట్రం అతని వకీలు ఖర్చు భరించడానికి నిరాకరించింది. అది సరియైన పనే. గొడుగు పట్టవలసింది విధికి గాని దురుద్దేశానికి కాదు. తెలియక పొరబడినవాడు వేరు, తెలిసి సాక్ష్యం దాచినవాడు వేరు.

మరి నష్టపోయినవాని మాట? ఇస్రో శాస్త్రవేత్త నంబి నారాయణన్ గారిని 1994లో కేరళ పోలీసులు గూఢచర్యం కేసులో అరెస్టు చేశారు. అది నిజం కాదని 1996లోనే సి.బి.ఐ. చెప్పింది. 50 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని సుప్రీంకోర్టు ఆదేశించేసరికి 2018 వచ్చింది. అంత పేరున్నవారికే ఇంత కాలం పడితే, అనంతపురం నుండో చిత్తూరు నుండో ఈ ఊరికి కూలికి వచ్చి, భాష రాక, జామీను ఇచ్చేవారు లేక జైలులో కూర్చున్నవాని గతి ఏమి? తప్పుడు కేసుల బాధితులకు పరిహారం కోసం చట్టం తేవాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. నిజాయితీగా పనిచేసిన ప్రాసిక్యూటరును, పొరబడినా సరే, ప్రభుత్వం కాపాడాలి. కాపాడినందువల్లనే, ఆ పొరబాటుకు నలిగినవాని నష్టం కూడా ప్రభుత్వమే తీర్చాలి. తన సేవకుని తరఫున వకీలును పెట్టే ఖజానా, ఆ సేవకుని చేతిలో అన్యాయమైపోయినవానికి తలుపు మూసుకుంటే, దానిని రక్షణ అనలేము. అది పక్షపాతము.